పైడిగిరి బుట్టబంతి జట్టు

ఎప్పటి మాటో, ఏ రాజుల కాలమో పక్కాగా చెప్పలేం గానీ, ఒక ఏటికి రెండు గట్ల మీద రెండు రాజ్యాలు ఉండేవి. ఒకటి పైడిగిరి, రెండోది ఏటిగడ్డ.

వేసవిలో ఆ ఏరు సన్నబడేది. నీళ్లు ముందు ఎవరి కాలువకు పారాలన్నది తాతల నాటి తగువు. కత్తులు దూసుకుని, మనుషులను పోగొట్టుకుని, చివరికి రెండు రాజ్యాలూ విసిగిపోయి ఒక ఒప్పందానికి వచ్చాయి. ఏటా చైత్రమాసంలో బుట్టబంతి ఆడాలి. గెలిచినవాళ్ల పొలాలకు ముందు నీరు, ఓడినవాళ్లకు మిగిలిన నీరు.

ఆ ఆటలో జట్టుకు ఐదుగురు. మైదానం రెండు కొసలా రెండు నిలువుల ఎత్తు స్తంభాలు, వాటికి అడుగులేని వెదురు బుట్టలు. బంతిని నేలకు కొడుతూ తీసుకెళ్లి ఎదుటివాళ్ల బుట్టలో వేయాలి.

ఒక ఏడు పైడిగిరి రెండే రెండు బుట్టల తేడాతో ఓడింది. రాజు జయంతసేనుడు తన దగ్గర గొప్ప ఆటగాళ్లు లేకపోవడమే లోపమనుకున్నాడు. దేశదేశాలకు మనుషులను పంపి, పెద్ద జీతాలిచ్చి, పేరుమోసిన నలుగురిని రప్పించాడు. వాళ్లలో మేటి రుద్రసింహుడు. మైదానం నడుమ నుంచి విసిరినా అతని బంతి బుట్టలోనే పడేది. పాతవాళ్లలో మాచన్నకు మాత్రమే చోటు దక్కింది. అతను పొట్టివాడు, బుట్టలో వేయడం అంతంత మాత్రం. కానీ ఎదుటివాణ్ణి ఒక్క అడుగు కూడా వదిలేవాడు కాదు.

రెండో ఏడు పైడిగిరి పది బుట్టల తేడాతో ఓడింది. బంతి దొరికినవాడు పక్కవాడికి ఇవ్వలేదు. సొంతవాళ్లే ఇద్దరు ఒకే బంతి కోసం గుద్దుకుని పడ్డారు. ఎదుటి జట్టు దూసుకొస్తుంటే అడ్డుకోవడానికి వెనక్కి పరుగెత్తింది మాచన్న ఒక్కడే.

ఆ వేసవి పైడిగిరిలో సగం నారుమళ్లు నెర్రెలు విచ్చాయి.

రాజు ఓబులయ్యను పిలిపించాడు. ఓబులయ్య ఒకప్పటి ఆటగాడు. మోకాలు విరిగాక సాలెవీధిలో పిల్లలకు ఆట నేర్పుతున్నాడు. ఇంకా గొప్ప ఆటగాణ్ణి ఎక్కడి నుంచి తేవాలో చెప్పమని రాజు అడిగాడు.

"మహారాజా, మనకు ఆటగాళ్లున్నారు, జట్టే లేదు. ఒక్క ఏడాది వాళ్లను నాకు అప్పగించండి. ఎవరిని ఆడించాలో, ఎవరిని కూర్చోబెట్టాలో నా మాటే చెల్లాలి," అన్నాడు ఓబులయ్య.

రాజు మాట ఇచ్చాడు.

మొదటిరోజు ఓబులయ్య బంతి ముట్టనివ్వలేదు. అందరినీ ఎండిన పొలాల వెంట నడిపించాడు. సాయమ్మ అనే రైతు వాళ్లకు మజ్జిగ పోసి, ఈసారి నీళ్లొస్తాయా అని అడిగింది. మర్నాటి నుంచి అందరికీ ఒకే పంక్తిలో భోజనం, ఒకే వేళకు సాధన. బంతి పోగొట్టుకున్నవాడే అందరికన్నా ముందు వెనక్కి పరుగెత్తాలి.

ముగ్గురు మారారు. రుద్రసింహుడు మాత్రం ఎండెక్కాక వచ్చేవాడు. బుట్టలో వేసేది తానని, పరుగులకు మాచన్న ఉన్నాడని నవ్వేవాడు. ఓబులయ్య ఒకసారి చెప్పాడు, రెండోసారి చెప్పాడు. పోటీ ముందురోజు మాచన్న చేతిలోంచి బంతి జారితే, రుద్రసింహుడు అందరి ముందూ అతణ్ణి చేతకానివాడన్నాడు.

"రేపు నువ్వు గట్టున కూర్చో," అన్నాడు ఓబులయ్య రుద్రసింహుడితో.

ఆ సంగతి తెలిసి రాజు హడలిపోయాడు. "అతను లేక ఓడిపోతే?"

"ఓడితే ఆ రైతుల ముందు నిలబడి తప్పు నాదని ఒప్పుకుంటాను. కానీ మహారాజా, అతనికో నియమం, మాచన్నకో నియమం అయితే మనం మైదానంలో దిగకముందే ఓడినట్టు."

రాజు మనసు కుదుటపడలేదు. అయినా ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు.

మూడో ఏటి పోటీ మొదలైంది. రుద్రసింహుడి చోట సాలెవీధి యువకుడు వీరయ్య దిగాడు. ఏటిగడ్డ ఒక బుట్ట వేస్తే పైడిగిరి ఒకటి వేసింది. బంతి చేయి మారుతూ పోయింది. మాచన్న మోచేతులు చీరుకుపోయేలా పడితే, నిరుడు అతని వైపు చూడని వాళ్లే ముగ్గురూ పరుగున వచ్చి లేపారు. గట్టు మీది నుంచి రుద్రసింహుడు అది చూశాడు. ఇన్నేళ్ల ఆటలో తాను ఎవరినీ అలా లేపలేదు, తనను లేపడానికీ ఎవరూ రాలేదు.

"అయ్యా, తప్పు నాది," అన్నాడు ఓబులయ్య దగ్గరికి వెళ్లి. "బుట్టలో వేయనివ్వకపోయినా సరే. అడ్డుకునే పనివ్వండి."

ఓబులయ్య అలసిపోయిన వీరయ్యను వెనక్కి పిలిచి, అతని చోట రుద్రసింహుణ్ణి పంపాడు.

రుద్రసింహుడు వెనక్కి పరుగెత్తాడు. అడ్డం పడ్డాడు. వీలైనప్పుడు మూడు బుట్టలు కూడా వేశాడు. ఆట ముగియబోతుండగా రెండు జట్లూ సమానం. బంతి రుద్రసింహుడి చేతికొచ్చింది. ఏటిగడ్డవాళ్లు ముగ్గురు అతణ్ణి చుట్టేశారు. బుట్ట కింద మాచన్న ఒంటరిగా ఉన్నాడు. అంతకుముందు రోజు చేతకానివాడన్నది అతణ్ణే. రుద్రసింహుడు బంతిని అతనికే అందించాడు. మాచన్న నింపాదిగా బుట్టలో వేశాడు. అంతలో ముగింపు శంఖం మోగింది.

ఆ సాయంత్రమే పైడిగిరి కాలువలోకి నీళ్లు మళ్లాయి.

నెల తిరక్కుండా ఏటిగడ్డ రాజు రుద్రసింహుడికి రెట్టింపు జీతమిస్తామని కబురంపాడు. అక్కడ తానొక గొప్ప ఆటగాడు మాత్రమేనని, ఇక్కడ ఐదుగురిలో ఒకడినని అతను వినయంగా జవాబు పంపి, సాధనకు వెళ్లిపోయాడు.

గొప్ప నేర్పరులు దొరకడం అదృష్టమే, కానీ ఒకరి కోసం ఒకరు పాటుపడే అలవాటు ఉన్న జట్టుకే గెలుపు దక్కుతుంది.