గొంతు ఇచ్చిన మల్హణుడు

ఎప్పటి మాటో చెబుతాను, వినండి పిల్లలూ. మణిశృంగ దేశపు రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కత్తి పట్టాడు. రెండోవాడు విల్లు పట్టాడు. మూడోవాడు మల్హణుడు వీణ పట్టాడు. అతను కొత్త కీర్తనలు కట్టి పాడితే, గురువుగారి కూతురు వకుళ నేర్చుకుని ఊరంతటికీ వినిపించేది.

ఒకనాడు రాజకుమారులు వేటకు వెళ్ళినప్పుడు దేశం మీదుగా నల్లటి గాలి వీచింది. తిరిగొచ్చేసరికి రాజ్యమంతా మూగబోయింది. తల్లులు ఉయ్యాల ఊపుతున్నారు గానీ జోల లేదు. వకుళ నోరు తెరిచింది గానీ మాట లేదు. ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు ధూమకేశి అందరి గొంతులూ దోచుకుపోయాడు.

పెద్దవాడు కత్తితో వెళ్ళి మూగవాడై వచ్చాడు. రెండోవాడు విల్లుతో వెళ్ళి మూగవాడై వచ్చాడు. మల్హణుడు వట్టి చేతులతో బయల్దేరాడు.

సముద్రపు ఒడ్డున వలలో చిక్కుకున్న ముసలి తాబేలును అతను విడిపించాడు. అది అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది.

"నాయనా, ధూమకేశి ప్రాణం ఒక చిలక గొంతులో ఉంది," అంది తాబేలు. "దోచిన గొంతులూ అక్కడే ఉన్నాయి. చిలకను చంపితే అవీ పోతాయి."

"మరి దారేమిటి తాతా?"

"పాపం, అది మూగది, దానికి సొంత పాట లేదు. తన పాట తాను పాడిన రోజు దాని గొంతులో పరాయిదేదీ నిలవదు. కానీ ధూమకేశి ఉండే ఆ దీవిలో నోరు విప్పినకొద్దీ నీ గొంతు తరిగిపోతుంది. మీ అన్నలు అరిచి సవాలు చేసి పోగొట్టుకున్నారు."

మల్హణుడు తాబేలు వీపు మీంచి దిగాడు. తర్వాత దీవిలోకి నడిచాడు.

"పాడు, పాడు! ఆ గొంతూ నాకే," అని నవ్వాడు ధూమకేశి.

పంజరం ముందు కూర్చుని మల్హణుడు చిలక కోసం పాట కట్టాడు. చిగురు రుచి, తల్లి రెక్క కింది వెచ్చదనం, మొదటిసారి ఎగిరినప్పటి భయం. ఒకసారి పాడాడు, పై స్థాయి పోయింది. రెండోసారి పాడాడు, మధ్య స్థాయి పోయింది. మూడోసారి మంద్రంలో, ఊపిరి తీసినట్టు పాడాడు. ఆఖరి స్వరం దగ్గర అదీ ఆగిపోయింది.

ఆ స్వరాన్ని చిలక అందుకుంది! పాటంతా మొదటినుంచి పాడింది. ధూమకేశి నవ్వు మధ్యలోనే ఆగి, బూడిదై రాలాడు. గొంతులన్నీ పిట్టల గుంపులా ఇంటిదారి పట్టాయి. మల్హణుడిది మాత్రం రాలేదు.

"దోచినవి వెళ్ళిపోయాయి," అంది చిలక. "నువ్వు మనసారా ఇచ్చింది నాలోనే ఉంది. తిరిగి తీసుకుంటావా? నేను మళ్ళీ మూగదాన్నవుతాను, అంతేగా."

మల్హణుడి కళ్ళు నిండాయి. తల అడ్డంగా ఊపి, పంజరం తలుపు తీశాడు.

ఇంటికి చేరాక వకుళ అతని పేరు పెట్టి పిలిచింది. అతను పలకలేదు. సంగతి గ్రహించి ఆమె భోరున ఏడ్చింది. మల్హణుడు ఆమె అరచేతిని తన చేతిలోకి తీసుకుని, దాని మీద నెమ్మదిగా తాళం వేశాడు. ఆమె ఏడుపు ఆపుకుని పాట ఎత్తుకుంది.

వాళ్ళకు పెళ్ళయింది. అన్నలిద్దరూ తమంతట తామే తమ్ముడికి పట్టం కట్టారు. మల్హణరాజు తల నెరిసేదాకా ఏలాడు, వీణ మీద కీర్తనలు కడుతూనే ఉన్నాడు. ఆయన గొంతు ఎలా ఉండేదో మనవలకు తెలియదు. ఆయన పాట రానివాళ్ళు మాత్రం ఆ దేశంలో లేరు.