వెళ్లిపోతానన్న వర్తకుడు

వాగుసీమ చాలా చిన్న రాజ్యం. అక్కడ ఒక విదేశీ వర్తకుడు ఎర్రటి అద్దకపు బట్టలు చేయించి ఓడల్లో పంపేవాడు. ఏటా కొలువుకొచ్చి, "పక్క రాజ్యంలో సుంకమే లేదట. వెళ్లిపోతాను" అనేవాడు. రాజు హడలిపోయి అతని సుంకం తగ్గించి, ఆ భారం అద్దకపువాళ్ల నెత్తిన వేసేవాడు.

అద్దకం పనిచేసే అచ్చియ్యమ్మకు విసుగెత్తిపోయింది. ఈసారి వర్తకుడు కొలువులో ఆ మాట అంటుండగానే ఎడ్లబండ్లు తోలించుకొచ్చి కోట ముందు నిలబెట్టింది.

"ఇవెందుకే?" అన్నాడు రాజు.

"దొరగారి సామాను మోయడానికి మహారాజా. పాపం, ఏటా పోతానంటారు, పోలేకపోతున్నారు. మేమే సరిహద్దు దాటించి వస్తాం."

వర్తకుడు తత్తరపడ్డాడు. "ఇప్పుడంత తొందరేముంది?"

"సుంకం లేని చోటుండగా ఇన్నేళ్లూ ఇక్కడెందుకున్నారు దొరా? మా వాగు నీళ్లలో తప్ప ఆ ఎరుపు నిలవదనేగా?"

వర్తకుడు బండ్లకేసి చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నాళ్లూ ఉత్తి బెదిరింపుకి బెదిరానని తెలిసి రాజుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"సామాను ఎక్కించమందామా?" అన్నాడు రాజు వర్తకుడితో.

"వద్దు మహాప్రభో!" అన్నాడు వర్తకుడు నీరసంగా. "మొదట్లో సుంకం ఎంతుండేదో సెలవివ్వండి."