ఓబులేసు దాహం

అనగా అనగా, ఎద్దులు నడిచిందే బాట అయిన కాలంలో, గుట్టకింద పశువుల సంతలో ఓబులేసు అనే దళారి ఉండేవాడు. మిగతా దళారులు తువ్వాలు కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుని బేరం తెంచేవారు. ఓబులేసు మాత్రం చెయ్యి చాచేవాడు కాదు. "ముందు మీ ఇంటి నీళ్ళు తాగనీ. తర్వాత చెప్తా" అని, ఇంటికి పోయి మంచీచెడ్డా అన్నీ అడిగేవాడు. సంతంతా నవ్వేది. పిల్లనిచ్చేవాళ్ళు కూడా అన్ని ఆరాలు తీయరు మరి!

ఒక సంతనాడు సుంకులమ్మ కొంగున రూకలు ముడేసుకుని వచ్చింది. మొగుడు పోయి ఎన్నాళ్ళో కాలేదు. ఉన్నదంతా ఆ ముడిలోనే ఉంది.

"అన్నా, మంచి ఎద్దుల జత చూపించు."

"ముందు మీ ఇంటి నీళ్ళు తాగనీ తల్లీ. తర్వాత చెప్తా."

సుంకులమ్మకు ఒళ్ళు మండింది. అయినా ఇంటికి వెంటబెట్టుకుపోయింది.

అరుగు మీద కూర్చుని ఓబులేసు అడిగాడు. "ఇంటికాడ ఎవరెవరుండారు?"

"చంటిబిడ్డ. కండ్లు కనపడని అత్త."

"మేతో?"

"కొనాల."

"ఎద్దులే ఎందుకమ్మా?"

ఆమె కొంగుముడి తడుముకుంది. "నా మొగుడు బతికినన్నాళ్ళూ బాడుగెద్దులతోనే దున్నినాడన్నా. సొంత జత కట్టాలని ఆశపడి, ఆ ఆశతోనే పాయె."

ఓబులేసు నీళ్ళడిగాడు. బావి గుట్ట అవతల. కుండ అడుగున ముంతెడే మిగిలాయి. ఆమె అవే పోసింది. సగం తాగి, మిగతా సగం ముసలామె చేతికిచ్చాడు.

"జత వద్దు తల్లీ. ఎద్దులకు నీళ్ళు మోస్తా కూచుంటే బిడ్డనెవరు చూస్తారు? ఎండలు ముదిరి మేత దొరక్కపోతే అయినకాడికి అమ్ముకుంటావు. రెండు మేకలు తీసుకో."

"మరి ఆయన ఆశ?"

"అది నిలబడాలంటే ముందు నువ్వు నిలబడాల గదమ్మా."

జత కొనిపిస్తే వచ్చే దళారీ సొమ్ము వదులుకుని వెళ్ళిపోయాడు. సుంకులమ్మ ఏడ్చుకుంటూనే మేకలు కొంది.

ఆ వేసవి మేత లేక ఊళ్ళో పశువుల కొట్టాలు ఖాళీ అయ్యాయి. మేకలు మాత్రం కంపలు మేసి బతికాయి. కొన్నేళ్ళకు రెండు మేకలు మంద అయ్యాయి. మంద అమ్మితే జత వచ్చింది.

అప్పటికి ఓబులేసు మంచాన పడ్డాడు. సుంకులమ్మ ఆ జతనే బండికి కట్టి, తన ఇంటి కుండలో నీళ్ళు తీసుకుని పోయింది.

కళ్ళు తెరవకుండానే ఆయన అడిగాడు. "ఇంటికాడ ఎవరెవరుండారు?"

"బిడ్డ, అత్త, రెండెద్దులన్నా."

ఓబులేసు నవ్వాడు. "అయితే తాగనీ తల్లీ" అన్నాడు. ఆ నీళ్ళు తాగే కన్నుమూశాడు.

ఇప్పటికీ గుట్టకింద సంతకు పోయేవాళ్ళు ఇంటి నీళ్ళు చెంబుతో తీసుకుపోతారు. దళారి గుక్కెడు తాగి, "ఇంటికాడ ఎవరెవరుండారు?" అని అడిగాకే వేళ్ళందిస్తారు. అడక్కుండా చెయ్యి చాచాడా, "ఓబులేసుకింకా దాహం తీరలేదయ్యా" అని వెనక్కి తిరుగుతారు.