పల్లకీ పాట

అనగనగా గుర్రాలు ఎక్కలేని గుట్టల రాజ్యం. అక్కడ ఎవరు ఎక్కడికి పోవాలన్నా పల్లకీ బోయీల భుజాలే దిక్కు.

కొత్తగా చేరిన ఓబన్నకు పెద్ద బోయీ గవరయ్య మొదటిరోజే కట్టుబాట్లు చెప్పాడు. "మన అడుగు నింపాదే. ఒక్కసారి పరిగెత్తామా, రాజుగారు రోజూ పరిగెత్తమంటారు! ఇంకోటి, పాటలో ఎవరేం అడిగినా పాడి బదులివ్వాల్సిందే."

ఒకనాడు కోట నుంచి కబురొచ్చింది. రాణిగారికి నొప్పులు! బిడ్డ అడ్డం తిరిగింది! మంత్రసాని సూరమ్మను వెంటనే తీసుకురావాలి!

గవరయ్య, సింహాద్రి, దాలయ్య, ఓబన్న నలుగురూ సూరమ్మను ఎక్కించుకుని పల్లకీ ఎత్తారు. "ఓహోం... ఓహోం..." గవరయ్య పాట ఎప్పటిలాగే తాపీగా సాగింది. అడుగులూ అంతే తాపీగా పడ్డాయి.

ఓబన్న ఉండబట్టలేక వడివడిగా నడిచాడు. పల్లకీ ఒరిగింది.

"నన్ను చంపేస్తార్రా మీరు!" లోపలి నుంచి సూరమ్మ కేకేసింది.

"అన్నల్లారా, కాస్త త్వరగా!" అని బతిమాలాడు ఓబన్న.

"వచ్చాడండీ రాజుగారి అల్లుడు!" అని వెక్కిరించాడు సింహాద్రి. దాలయ్య పకపకా నవ్వాడు. మజిలీలో మంచినీళ్ల ముంత ఓబన్న దాకా రానేలేదు.

దూరంగా కోట కనిపిస్తోంది. ఎంత నడిచినా దగ్గరపడదే! ఓబన్నకు ఏడుపొచ్చింది. ఒక్కడే పరిగెత్తితే పల్లకీ పడుతుంది. చెబితే వినరు. వీళ్ల కాళ్లు వినేది పాటనే కదా! అంతే, గొంతెత్తాడు.

"ఓహోం! ఓహోం! సూరమ్మ చేతుల్లో పుట్టింది ఎవరి బిడ్డ?"

"నా కూతురే, ఓహోం!" అన్నాడు సింహాద్రి.

"నా కవలలే, ఓహోం!" అన్నాడు దాలయ్య.

గవరయ్యకు పాత రోజొకటి గుర్తొచ్చింది. అతని కొడుకూ అడ్డం తిరిగినవాడే. ఆనాడు జడివానలో సూరమ్మ పరుగు పరుగున వచ్చింది.

"నా కొడుకే... ఓహోం!" అన్నాడు గవరయ్య, అడుగు వడి పెంచుతూ. "పదండర్రా! పదండి!"

ఇక చూడాలి ఆ పరుగు! దుమ్ము లేచింది, రాళ్లు ఎగిరాయి, పల్లకీ మాత్రం పిసరంత కూడా ఒరగలేదు!

పల్లకీ దించీ దించకముందే సూరమ్మ లోపలికి ఉరికింది. బోయీలు గుమ్మం వైపే చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి కేర్‌మని ఏడుపు వినిపించింది!

రాజుగారు పొంగిపోతూ బయటికొచ్చారు. "ఇంత వేగం ఉందా మీలో? అయితే ఇకనుంచి రోజూ..."

గవరయ్య ముఖం వాడిపోయింది. ఓబన్న ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ప్రభూ, ప్రాణం మీదికొస్తే పరిగెత్తుతాం. షికారుకైతే మా నడక మాదే."

రాజుగారు పెద్దగా నవ్వి, "అలాగే కానివ్వండి!" అని మాటిచ్చారు.

ఆ పూట మంచినీళ్ల ముంతను గవరయ్య మొదట ఓబన్నకే అందించాడు.

అందరూ కలిసి మోసే పల్లకీని ఒక్కడి తొందర కదిలించలేదు; అందరి మనసుకూ తగిలే పాట ఎత్తుకుంటే అందరి అడుగూ మారుతుంది.