చుక్కల కాగితాల కాపలా

తెలివి అంగడిలో అమ్మే సరుకే అయితే, ఆ అంగడి తమ అరుగుమీదే వెలసి ఉండేదని ఓబులేసుకు గట్టి నమ్మకం. తమ్ముళ్ళు కదిరప్ప, మారెన్నలకు ఆ నమ్మకం మరికాస్త గట్టిది. "మన ముగ్గురి బుద్ధీ ఒకచోట చేరితే ఊరు తట్టుకోలేదు, అన్నా" అనేవాడు మారెన్న. ఊరి క్షేమం కోరి, ఆలోచించవలసి వచ్చినప్పుడు ముగ్గురూ వేరువేరు మూలల్లో కూర్చునేవారు.

వారి తండ్రి హంపయ్య పట్టణంలోని అచ్చుకూటంలో బొమ్మలు తయారుచేసి, వయసు మళ్ళాక ఊరు చేరినవాడు. నిరుడు ఆయన విత్తనపు వేరుశనగను కొట్టుగదిలో పెట్టి తాళం వేసి, "తాళంచెవి అటకమీద ఉంది. ఎవరికీ చెప్పకు" అని ఓబులేసుతో అన్నాడు. ఓబులేసు ఇల్లిల్లూ తిరిగి, "తాళంచెవి అటకమీద ఉందని మీకు చెప్పవద్దన్నాడు మా నాయన" అని అందరికీ వివరించి వచ్చాడు. ఇంకేముంది, తెల్లవారేసరికి కొట్టు ఖాళీ. ఆ ఏడు చేను బీడుపడింది.

ఈసారి కాశీయాత్రకు బయలుదేరుతూ హంపయ్య వేరొక ఉపాయం పన్నాడు. తాళంచెవి దాచిన చోటును ఫోటో తీసి, అచ్చుకూటంలోని కంప్యూటరు చేత దానిని నల్లని చుక్కలుగా మార్పించి, ఆ చుక్కలను గాజులాంటి మూడు ప్లాస్టిక్ కాగితాలమీదికి పంచాడు. ఏ కాగితాన్ని విడిగా చూసినా గసగసాలు ఒలికినట్టే ఉంటుంది. మూడూ ఒకదానిమీద ఒకటి చేరితేనే బొమ్మ తేలుతుంది.

"ఒకరి కాగితం ఒకరు చూడవద్దు. కన్నబిడ్డలా కాపాడుకోండి. వాన పడగానే మూడింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి, కాస్త దూరం నుంచి చూడండి, చోటు తెలుస్తుంది. నేల పదును ఆరేలోగా విత్తకపోతే ఈ ఏడు కూడా పస్తే" అని తలా ఒకటి ఇచ్చి వెళ్ళాడు.

కన్నబిడ్డ అన్నాడు కదా. అంతే, మారెన్న తన కాగితానికి నూనె అంటి, సున్నిపిండితో నలుగుపెట్టి, కుంకుడు రసంతో తలంటు పోశాడు. చుక్కలన్నీ రాలిపోయాయి. "పాపం, ఎంత మురికి పట్టిపోయిందో" అని జాలిపడ్డాడు.

కదిరప్ప అంత మొరటువాడు కాడు. బిడ్డకు దిష్టి తగులుతుందని పూటపూటా ఒక కాటుకచుక్క పెడుతూ వచ్చాడు.

ఓబులేసు తన కాగితాన్ని భార్య తిమ్మక్కకు చూపాడు. తమ్ముళ్ళకు చూపవద్దన్నాడే గాని, భార్య మాట ఎత్తలేదు నాయన. తిమ్మక్క బుగ్గన వేలు పెట్టుకుంది. "ఎవరమ్మా ఈ సోమరి? చుక్కలు పెట్టి ముగ్గు వేయకుండా పోయింది" అని, చుక్కకు చుక్క కలిపి రథం ముగ్గు దించింది. ఓబులేసు మురిసిపోయాడు.

వాన రానే వచ్చింది. ముగ్గురూ పెరటిలో చేరారు. ఓబులేసుకు పెద్ద చిక్కు వచ్చిపడింది.

"ఒకరిది ఒకరు చూడవద్దన్నాడు. కలిపి చూడమన్నాడు. నాయన రెండు మాటలూ నిలవాలి. ఎట్లరా?"

"కళ్ళు మూసుకొని చూద్దాము, అన్నా" అన్నాడు కదిరప్ప.

ఆ తెలివికి ఓబులేసు కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళనే మూసుకున్నాడు.

మిక్సీ వచ్చినప్పటినుంచి మూలపడిన రుబ్బురోలు అక్కడే ఉంది. తడుముకుంటూ పొత్రం ఎత్తి, కాగితాలను రోటిలో ఒకదానిమీద ఒకటి పెట్టారు.

"అడుగున ఏదో చల్లగా గుచ్చుకుంటున్నది, అన్నా" అన్నాడు మారెన్న.

"రోలు రాయిరా. గుచ్చుకోక ముద్దు పెడుతుందా?" అని ఓబులేసు, కాగితాలు గాలికి ఎగరకుండా పొత్రం మళ్ళీ పైన పెట్టించాడు. తరువాత ముగ్గురూ కళ్ళు మూసుకునే గోడదాకా నడిచి, కాస్త దూరం నుంచి చూశారు.

"ఏమి కనబడుతున్నది?"

"అంతా నల్లగా ఉంది, అన్నా" అన్నారు తమ్ముళ్ళిద్దరూ.

"నాకూ నల్లగానే ఉంది. ముగ్గురికీ ఒకటే కనబడిందంటే అబద్ధం కాదు. తాళంచెవి నల్లనిచోట ఉంది."

ఇంకేముంది, పొయ్యి పగులగొట్టి మసిలో వెదికారు. అక్కడ లేదు. ఇంటిలో అంతకంటే నల్లనిది గేదె. కదిరప్ప దాని నోటిలో మోచేతిదాకా చేయి పెట్టాడు. అది కట్టుకొయ్య పెరుక్కొని పొరుగువారి గడ్డివాముల దొడ్డిలో పడింది. "మింగింది కనుకనే పారిపోయింది" అని మారెన్న వెంటబడ్డాడు.

అంతలో హంపయ్య కాశీనుంచి వాచిన కాళ్ళతో గుమ్మంలోకి వచ్చాడు. ఆయన సంగతంతా విన్నాడు. పెరటిలోకి పోయి, పొత్రం ఎత్తి, కాగితాల అడుగునుంచి తాళంచెవి తీశాడు. రథం ముగ్గునూ, కాటుకచుక్కలనూ, బోసి కాగితాన్నీ కాసేపు చూశాడు.

"పదును ఇంకా పూటకే ఉంది" అని కొట్టు తెరిచి, తలా ఒక సంచి విత్తనాలు పంచాడు. "చేనికి పోయి విత్తండి. కాళ్ళ వాపు కాస్త తగ్గనిచ్చి నేనూ వస్తాను."

మధ్యాహ్నానికి ఆయన చేను చేరాడు. విత్తిన సాలు ఒక్కటీ లేదు. చేని నడుమ పూడ్చిన గుంత ఒకటి ఉంది. దూరాన గుట్టమీద కొడుకులు ముగ్గురూ వరుసగా కూర్చుని ఉన్నారు. ఆయన ఆయాసపడుతూ గుట్ట ఎక్కాడు.

"విత్తనాలేవిరా?"

"మూడు సంచులూ ఒకదానిమీద ఒకటి పోసినాము, నాయనా. కాస్త దూరం కూడా వచ్చినాము. ఇంక పంట తేలడమే తరువాయి" అన్నాడు ఓబులేసు.

"మరి ఆ కళ్ళు మూయడమెందుకు?"

"ఒకరి సంచి ఒకరు చూడవచ్చునా, నాయనా?"

హంపయ్య వారి పక్కనే చతికిలబడి, తానూ కళ్ళు మూసుకున్నాడు.

కొంతసేపటికి మారెన్న మెల్లగా అడిగాడు. "నీకు కూడా నల్లగానే ఉందా, నాయనా?"