అర సెకను

ఎంతసేపు ఆగాలి మాస్టారూ అని భానోజీ అడిగాడు.

కూర్మారావు మాస్టారు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరయ్యాక, విజయనగరంలో తన ఇంట్లోనే నలుగురైదుగురికి పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్పుతున్నారు. శిష్యులడిగిన దానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు.

భానోజీ ఒక ఆసుపత్రికి ప్రోగ్రాం రాశాడు. ఏ గ్రూపు రక్తం కావాలో వార్డులో నర్సు టైపు చేస్తే, ఆ కబురు సాకెట్ ద్వారా, అంటే రెండు కంప్యూటర్ల మధ్య తెరిచి పెట్టుకున్న మాటల దారిలో, పక్క భవనంలోని బ్లడ్ బ్యాంకుకి చేరాలి. అతని గదిలో భేషుగ్గా నడిచింది. ఆసుపత్రిలో మాత్రం ఒక బాలింతకి బి నెగటివ్ కావాలని పంపితే, ‘బి’ వరకే చేరింది. అక్కడివాళ్ళు పాజిటివ్ అనుకుని అదే పంపించారు. ఎక్కించబోయే ముందు నర్సు చూసింది కాబట్టి ఆ బాలింతకి ప్రమాదం తప్పింది. అప్పట్నుంచి భానోజీకి కంటిమీద కునుకు లేదు.

కబురు ఒక్కోసారి ముక్కలుగా వస్తుందనీ, మొదటి ముక్కనే మొత్తమనుకుని తన ప్రోగ్రాం చదివేస్తోందనీ కనిపెట్టాడు. చదివే ముందు అర సెకను ఆగమని ఒక వరుస చేర్చాడు. అర సెకను చాలుతుందా, రెండు సెకన్లు పెట్టాలా అన్నదే అతని సందేహం. మధ్యాహ్నం ఆ ప్రోగ్రాం మళ్ళీ ఆసుపత్రిలో పెట్టాలి.

మాస్టారు అంతా విని, టీ పెడతానని లేచారు. అంతలో ఫోను మోగింది. మా అక్క అయ్యుంటుంది, ఏమంటుందో విను అని అతని చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళారు.

పక్షవాతం వచ్చి తేరుకున్నాక ఆవిడ మాట బాగా నిదానించింది. డాక్టరు కొత్త మాత్ర ఇచ్చాడనీ, పొద్దున్న వేసుకున్నాననీ తమ్ముడితో చెప్పమంది. ఆ తర్వాత చడీ చప్పుడూ లేదు. భానోజీ మర్యాదగానే ఆగాడు, తన ప్రోగ్రాం కంటే చాలా ఎక్కువసేపే. ఇంకేమీ వినపడకపోయేసరికి సరేనండీ అని పెట్టేశాడు. అక్కగారు కొత్త మందు వేసుకున్నారట, కులాసాగా ఉన్నారట అని మాస్టారికి చెప్పాడు. కులాసా అన్నమాట ఆవిడ అనలేదు. అది మనవాడి సొంత కవిత్వం.

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మాస్టారే అందుకుని, అతనికీ వినపడేలా స్పీకరు పెట్టారు. ఆవిడ తమ్ముడూ అంది, ఆగింది. మాత్ర అంది, మళ్ళీ ఆగింది. పాలు పొంగి స్టవ్వు మీద పడుతున్నా ఆయన కదల్లేదు, తొందరపెట్టలేదు.

"ఏసుకున్న కాణ్ణించీ ఒళ్ళంతా దద్దుర్లురా. పెదాలు వాచిపోతన్నాయి."

మాత్ర మళ్ళీ ముట్టుకోవద్దనీ, పక్కింటివాళ్ళని పిలిచి ఆసుపత్రికి బయల్దేరమనీ, తానూ వస్తున్నాననీ ఆయన చెప్పారు. సరేరా, ఉంటాను మరి అని ఆవిడ అనేవరకూ ఫోను చేతిలోంచి దించలేదు.

భానోజీకి ముఖం చెల్లలేదు. ఆవిడకేమైనా అయితే ఆ పాపం తనదేనని భయపడ్డాడు. "నేనూ ఆగాను మాస్టారూ. ఇంకా ఎంతసేపు ఆగాల్సింది?" అన్నాడు.

మాస్టారు అప్పటికే చెప్పులేసుకుంటున్నారు.

"ఎంతసేపో నాకు మాత్రం ఏం తెలుసురా? ఆవిడ నీతో ‘ఉంటాను మరి’ అందా?"