గేటు దాటిన కార్లు

విశాఖ శివార్లలో కార్ల కంపెనీ నడిపే నరసింగరావుకి తాను చేసినదాని మీద వల్లమాలిన మమకారం ఉండేది. ఆయన తయారుచేసిన మొదటి కారు పేరు పావురం. ఒకప్పుడు దానికోసం జనం నెలల తరబడి ఎదురుచూశారు. ఆ రోజులు పోయాయని ఎవరైనా చెబితే ఆయన వినేవాడు కాదు.

ఆ కంపెనీలో ఒక వింత అలవాటు ఉండేది. కారు గేటు దాటి డీలరు దగ్గరికి బయలుదేరగానే వాచ్‌మన్ గంట కొట్టేవాడు. గంట మోగిందంటే కారు అమ్ముడైపోయినట్టే లెక్క. కొన్నవాడెవడో, డబ్బు వచ్చిందో లేదో ఎవరూ అడిగేవారు కాదు. ఆ గంట వింటే చాలు, నరసింగరావుకి కడుపు నిండిపోయేది.

ఒకరోజు ఇంజనీరు మస్తాన్‌వలీ ఆయన గదికి వచ్చాడు.

"సార్, పావురాన్ని ఇక ఆపేద్దాం. మనకున్నది ఒక్కటే షెడ్డు. ఇది ఆగితేగాని కొత్త కారు మొదలుపెట్టలేం. పాతవాటికి విడిభాగాలు మాత్రం చేసిపెడదాం, కొన్నవాళ్ళు మనల్ని తిట్టుకోరు," అన్నాడు.

"పొద్దుట్నుంచి గంట మోగుతూనే ఉంది. నీకు చెవుడా?"

"ఆ గంట మనం కొట్టుకుంటున్నదే కదా సార్. ఒక్కసారి డీలర్ల దగ్గరికి వెళ్ళి చూడండి."

"కన్నబిడ్డ గొంతు నొక్కమంటావా?" అని కసిరి పంపేశాడు నరసింగరావు. కొత్త కారు నమూనా షెడ్డులో ఓ మూల దుమ్ము కొట్టుకుపోయింది.

రెండేళ్ళు గడిచాయి. ఇక కార్లు పంపొద్దని డీలర్లందరూ చెప్పేశారు. నరసింగరావు మండిపడుతూ పార్వతీపురంలో డీలరు అప్పలస్వామి దగ్గరికి వెళ్ళాడు. అప్పలస్వామి ఆయన్ని దుకాణం వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ కొత్త పావురాలు బారులు తీరి ఉన్నాయి. టైర్లు మట్టిలో దిగబడ్డాయి. ఒకదాని కింద కుక్క పిల్లల్ని పెట్టింది.

"ఏటి చేస్తాం బాబూ? మీరు పంపుతుంటే దించుకున్నాం. కాదంటే ఏజెన్సీ పీకేస్తారని బయం. కొనీవోడు ఈ గుమ్మం ఎక్కి ఏడాదైపోనాది," అన్నాడు అప్పలస్వామి.

నరసింగరావు తిరిగి రాగానే పావురాన్ని ఆపించి, మస్తాన్‌వలీని పిలిచి, "నీ కారు మొదలుపెట్టు," అన్నాడు.

"దేంతో సార్? మన పెట్టుబడంతా డీలర్ల పెరళ్ళలో తుప్పు పడుతోంది. బ్యాంకులు మన మొహం చూడటం లేదు. అప్పుడే ఆపి ఉంటే ఒక్క పావురమే పోయేది," అన్నాడు మస్తాన్‌వలీ.

నెల తిరక్కుండా కంపెనీకి తాళం పడింది. పనివాళ్ళు టిఫిన్ డబ్బాలు పట్టుకుని బయట నిలబడ్డారు. తాము చేసిన తప్పేమిటో వాళ్ళకి అర్థం కాలేదు. నిజానికి వాళ్ళ తప్పేమీ లేదు. నరసింగరావు కారు అద్దం కూడా దించకుండా వాళ్ళ మధ్యనుంచే వెళ్ళిపోయాడు.

మమకారంతో కళ్ళు మూసుకుని, ఆపవలసినదాన్ని వేళకు ఆపనివాడు తానొక్కడే మునగడు, తనను నమ్ముకున్నవాళ్ళందరినీ ముంచుతాడు.